డిజిటల్ కాటా, కప్పులు, గాజు జగ్గు: ఏళ్ల తరబడి వాడాక

వంటింట్లో కొలతల కోసం నేను మూడు రకాలు వాడుతున్నాను. ఐదు కిలోల దాకా తూచే డిజిటల్ కాటా, స్టీలు కప్పులూ స్పూన్ల సెట్టు, గీతలున్న గాజు జగ్గు. ఒక్కటే ఉంచుకోమంటే కాటానే ఉంచుకుంటాను, దాని మీద ఫిర్యాదులు చాలానే ఉన్నా సరే.

కాటా అవసరం ముఖ్యంగా పిండి దగ్గర. మైదాను జల్లించి, స్పూనుతో కప్పులో వదులుగా పోసి, పైన కత్తితో చదును చేస్తే 120 గ్రాముల దగ్గర ఉంటుంది. అదే కప్పును డబ్బాలో ముంచి తీస్తే 140, ఒక్కోసారి 150. మూడు కప్పుల బ్రెడ్డుకి 60 నుంచి 90 గ్రాముల తేడా! నీళ్లు మాత్రం రాసినన్నే పోస్తాం కాబట్టి ముద్ద బిగుసుకుపోతుంది. పైగా కప్పులన్నీ ఒకటి కావు. అమెరికా కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు, మెట్రిక్ కప్పు 250. టేబుల్ స్పూను చాలాచోట్ల 15, ఆస్ట్రేలియాలో 20. పంచదార ఇంత పేచీ పెట్టదు, ఎలా పోసినా కప్పుకి 200 గ్రాములకు కాస్త అటూ ఇటూగా వస్తుంది.

కాటాలో నాకు బాగా నచ్చింది టేర్ బటన్. గిన్నె పెట్టి సున్నా చేసి మైదా, మళ్లీ సున్నా చేసి పంచదార, మళ్లీ సున్నా చేసి పాలు. కడగాల్సింది ఒక్క గిన్నె. తేనెకైతే ఇంకా సుఖం. సీసానే కాటా మీద పెట్టి సున్నా చేసి, గిన్నెలోకి కొంత ఒంపి, సీసాను మళ్లీ పెడితే మైనస్ 40 అని చూపిస్తుంది. అంటే 40 గ్రాములు గిన్నెలో పడ్డట్టే. కప్పుకి అంటుకున్న తేనెను గీకే పని లేదు.

మిల్లీలీటర్ల బటన్‌ని మాత్రం నీళ్లకు తప్ప నమ్మకండి. నా కాటా చేసేదల్లా ఒక గ్రామును ఒక మిల్లీలీటరుగా చూపించడమే. 100 మిల్లీలీటర్ల నూనె బరువు సుమారు 92 గ్రాములు, తేనె 140 దాకా ఉంటుంది. కాబట్టి తెర మీద 100 వచ్చేదాకా నూనె పోస్తే దాదాపు 109 మిల్లీలీటర్లు పడుతుంది, తేనె పోస్తే 70 మాత్రమే. నూనెను మిల్లీలీటర్లలో అడిగినప్పుడు నేను ఇప్పటికీ జగ్గే తీస్తాను. జగ్గును చేత్తో పైకెత్తి చూడకూడదు. గట్టు మీద పెట్టి, మనమే కిందికి వంగి, ద్రవం పైభాగంలో కనిపించే వంపు తాలూకు అడుగుభాగం జగ్గు గీతను తాకుతోందా అని చూడాలి. జగ్గు గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో తెలియాలంటే 250 గీత దాకా నీళ్లు పోసి తూచితే చాలు. నా జగ్గు ఆరేడు గ్రాములు తక్కువ తూగింది. కేకుకి ఆ తేడా పట్టించుకోను.

కాటా చేతులెత్తేసేది చిన్న కొలతల దగ్గర. నా కాటాలో కనీస మెట్టు ఒక గ్రాము. టీస్పూను ఈస్టు బరువే దాదాపు మూడు గ్రాములు, అందులో గ్రాము అటూ ఇటూ అయితే మూడోవంతు పోయినట్టే. చిటికెడు చిటికెడుగా వేస్తుంటే ఇంకా చిత్రం, అంకె కదలదు. అంత నెమ్మదిగా బరువు పెరిగితే, సున్నా దానంతటదే పక్కకి జరిగిందనుకుని కాటా దాన్ని సర్దేస్తుంది. అందుకే ఈస్టు, ఉప్పు, బేకింగ్ సోడాలకు స్పూన్లే వాడతాను, పైన చదును చేసి. రోజూ బ్రెడ్డు చేసేవాళ్లైతే 0.1 గ్రాము చూపే చిన్న కాటా ఇంకోటి కొనుక్కోవచ్చు.

నన్ను నిజంగా విసిగించింది ఆటో ఆఫ్. పిండి జల్లిస్తుంటే తెర ఆరిపోతుంది, దానితో సున్నా కూడా పోతుంది. మార్కర్‌తో గిన్నె అడుగున దాని ఖాళీ బరువు రాసుకున్నాక ఆ టెన్షన్ తగ్గింది. పెద్ద గిన్నె పెడితే తెర కనపడకుండా పోవడం ఇంకో తలనొప్పి. బ్యాటరీ నీరసించినప్పుడు అంకె నిలకడగా ఉండదు, మెత్తటి గుడ్డ మీద పెట్టినా అంతే. ఇప్పుడు కొత్తది కొనాల్సివస్తే తెర బాగా ముందుకి ఉన్నదీ, ఆటో ఆఫ్ సమయాన్ని మనం మార్చుకోగలిగేదీ, ఎక్కడైనా దొరికే మామూలు పెన్సిల్ బ్యాటరీలతో నడిచేదీ చూసి తీసుకుంటాను.