మూడు రోజుల్లో మోకాళ్ల నొప్పి పోయింది, అందుకే ఈ హెచ్చరిక

హనుమకొండ, వరంగల్, కాజీపేటలో ఉంటూ అరవై దాటిన వాళ్లు, ఇంట్లో మోకాళ్లు పట్టుకుని మూలిగే అమ్మానాన్నలు ఉన్నవాళ్లు కాస్త ఓపిక చేసుకుని ఇది చివరిదాకా చదవండి. ఫంక్షన్ హాళ్లలో, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో 'ఉచిత కీళ్ల నొప్పుల శిబిరం' పెట్టి ప్యాకేజీలు అంటగట్టే వాళ్ల చేతిలో నేను 46 వేలు పోగొట్టుకున్నాను. పైసల సంగతి సరే, వాళ్లిచ్చిన పొడితో ఒంట్లోకి వచ్చిన షుగర్ ఇంకా పూర్తిగా దారికి రాలేదు. వాళ్ల పేరు రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది. పైగా ఇలాంటి వాళ్లు ఒక ఊళ్లో బోర్డు తిప్పేసి ఇంకో ఊళ్లో వేరే పేరుతో తేలుతారు. పేరు కన్నా పద్ధతి గుర్తుపెట్టుకుంటేనే పనికొస్తుంది.

నాకు 63 ఏళ్లు. సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైర్ అయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా నిలబడి పాఠాలు చెప్పిన కాళ్లు, రెండేళ్లుగా మెట్లెక్కేటప్పుడు కటకటమంటున్నాయి. పొద్దున లేవగానే నడుము పట్టేస్తుంది. మా ఆయనకు కుడి భుజం పైకి లేవదు. డాక్టరు దగ్గరికి పోతే 'వయసు అమ్మా, బరువు తగ్గు' అంటారని తెలుసు కాబట్టి పోలేదు. ఇక్కడ తప్పు నాదే.

పోయిన శ్రావణంలో పేపర్ మధ్యలో పాంప్లెట్ వచ్చింది. 'ఆపరేషన్ లేకుండా, గోళీలు లేకుండా, శరీరం మొత్తానికి ఒకే చికిత్స.' రెండు సందుల అవతల ఫంక్షన్ హాల్లోనే కదా అని ఇద్దరం పోయాం. తెల్లకోటు వేసుకున్న అబ్బాయి, ముందు లాప్‌టాప్, దానికి తగిలించిన టిఫిన్ డబ్బా అంత మిషన్. దాని వైరు చివర జానెడు స్టీలు కడ్డీ. దాన్ని పిడికిట్లో ఒక్క నిమిషం పట్టుకోవాలి. ఆ నిమిషంలో స్క్రీన్ మీద రంగురంగుల గీతలు ఉరుకుతాయి, తర్వాత 38 పేజీల రిపోర్టు ప్రింటయి వస్తుంది. గుండె, కాలేయం, కిడ్నీ, ఎముకలు, ఆఖరికి చర్మంలో తేమ కూడా. నా మోకాలి గుజ్జు 31 శాతమే మిగిలిందని అందులో ఎర్రటి అక్షరాల్లో ఉంది.

'ఆపరేషన్ అంటే మోకాలికి రెండు లక్షలు అమ్మా. నేను మీ కొడుకులాంటోన్ని, మీకు ఎందుకు అబద్ధం చెప్తా' అన్నాడు. ఈ మాట విన్నప్పుడే లేచి రావాల్సింది. కొడుకులాంటోడు ఎవడూ తల్లికి నోరు తెరిచే టైం కూడా ఇవ్వకుండా ఓటీపీ అడగడు.

పది వేలు అక్కడే ఫోన్‌లో కట్టించుకున్నారు. మిగతా 36 వేలకు నెలకు నాలుగు వేల చొప్పున తొమ్మిది నెలల ఈఎంఐ. ప్యాకేజీలో రెండు పూటలా గోరువెచ్చని నీళ్లతో వేసుకునే పొడి, నాలుగు సీసాల తైలం, 12 మసాజ్ సిట్టింగులు, 'విషాలు లాగేసే' పాదాల టబ్బు, మాగ్నెట్ పరుపు. పరుపు గురించి చెప్పడానికి ఏమీ లేదు, పడుకుంటే వీపుకు గోళీకాయలు గుచ్చుకున్నట్టు ఉంటుంది. టబ్బు మాత్రం చూడటానికి తమాషాగా ఉంటుంది. ఉప్పు నీళ్లలో కాళ్లు పెట్టి స్విచ్ వేస్తే అరగంటలో నీళ్లు ఇటుక రంగుకు మారతాయి, 'చూశారా ఎంత విషం' అంటారు. సిట్టింగుకు పోయిన ఒక రోజు కరెంటు వచ్చీపోతుంటే, ఎవరూ కాళ్లు పెట్టని పక్క టబ్బు కూడా ఆన్‌లో ఉండిపోయింది. అందులోనూ అదే రంగు. ఉప్పు నీళ్లలో ఇనుప రేకులకు కరెంటిస్తే తుప్పు దిగుతుంది, మనిషితో పనిలేదు. ఏళ్లకేళ్లు సైన్సు చెప్పిన దాన్ని, ఆ సంగతి నాకు అక్కడ కూర్చుంటే గాని తట్టలేదు.

ఇక పొడి. లేబుల్ లేని ప్లాస్టిక్ కవర్లు, పైన స్టేప్లర్ పిన్ను కొట్టి ఇచ్చారు. శొంఠి వాసన, చివర్లో నాలుక మీద కొంచెం చేదు. మూడో రోజు పొద్దున మంచం పట్టె పట్టుకోకుండా లేచాను. గోడ పట్టుకోకుండా మేడెక్కి బట్టలు తీసుకొచ్చాను. రెండేళ్లలో అంత సంతోషం ఎరగను. ఊరుకున్నానా, వీధంతా చెప్పాను. నా మాట మీద ఇద్దరు అదే ప్యాకేజీ కొన్నారు.

నెల తిరిగేసరికి ఆకలి బాగా పెరిగింది. రాత్రి ఒంటిగంటకు లేచి అన్నం పెట్టుకుని తిన్న రోజులున్నాయి. నిద్ర పట్టేది కాదు. గాజు తగిలినా చేతి మీద నల్లగా కమిలేది. సద్దుల బతుకమ్మ నాడు భద్రకాళి చెరువు కాడ అందరూ 'టీచరమ్మా, మొహంల కళొచ్చింది, నిండుగున్నవ్' అంటే పొంగిపోయాను. అది కళ కాదు, వాపు. బుగ్గలు ఉబ్బి మొహం గుండ్రంగా అయింది. దసరా తర్వాత కాళ్లకు నీరు కూడా దిగితే మావాడు పోరి ఫిజిషియన్ దగ్గరికి తీసుకుపోయాడు. ఉగాదప్పుడు 104 ఉన్న ఫాస్టింగ్ షుగర్ 212 ఉంది. బీపీ 170.

డాక్టరు నా మొహం ఒక నిమిషం చూసి, 'ఏదన్న పొడి తింటున్నవా అమ్మా?' అన్నారు.

'ఆయుర్వేదమే సార్, సైడ్ ఎఫెక్టులు ఏమీ లేవన్నారు.'

'ఎన్ని రోజులకు తగ్గింది నొప్పి?'

'మూడు రోజులకు.'

'ఆయుర్వేదం గంత తొందరపడదమ్మా' అన్నారాయన.

ఆయన వివరంగా చెప్పింది ఇది. నొప్పుల పొడుల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్ గోళీలు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు నూరి కలిపే వాళ్లు ఉన్నారు. స్టెరాయిడ్ వాపును అణిచేస్తుంది కాబట్టి నొప్పి వెంటనే పోతుంది, లోపల అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. నెలల తరబడి తింటే షుగర్, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు వస్తాయి. డైక్లోఫెనాక్ లాంటివి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. డాక్టరు రాసిస్తే, తగిన మోతాదులో, ఇన్ని రోజులని వాడితే ఇవి మందులే. పొట్లంలో ఎంత ఉందో తెలియకుండా తింటేనే ప్రమాదం. పొద్దున ఎనిమిదింటికి రక్తం తీసి కార్టిసాల్ పరీక్ష చేయిస్తే, ఉండాల్సిన దానికన్నా చాలా తక్కువ వచ్చింది.

ఆ పరీక్ష ఎందుకో అప్పుడు నాకు సరిగా అర్థం కాలేదు. ఇంటికొచ్చి, నా మాట విని కొన్న పక్కింటి అక్కకు ఫోన్ చేసి 'అక్కా, ఆ పొడి ఇప్పుడే ఆపెయ్' అన్నాను. ఆమె ఆపేసింది. మూడో రోజుకు వాంతులు, కళ్లు తిరగడం, మంచం మీంచి లేవలేకపోవడం. కొడుకు ఎమర్జెన్సీకి తీసుకుపోయాడు. మన కిడ్నీల పైన ఉండే చిన్న గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే స్టెరాయిడ్ లాంటి హార్మోనును తయారుచేస్తాయి. బయట నుంచి అదే వస్తుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. ఉన్నట్టుండి పొడి ఆపితే ఒంట్లో ఆ హార్మోనే ఉండదు, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. నాకు డాక్టరు కొలత తెలిసిన స్టెరాయిడ్ గోళీ ఇచ్చి, వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించారు. మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి పొడి వారాల తరబడి తింటుంటే దయచేసి నాలాగా ఫోన్ చేసి ఆపించకండి. మిగిలిన పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. అక్క ఇప్పుడు బాగుంది. నాతో మాట్లాడుతుంది కూడా, అది ఆమె మంచితనం.

మిషన్ సంగతి మరిచాను. డాక్టరు దగ్గరికి పోక ముందు, మూడో నెల 'ఫాలోఅప్ స్కాన్' అని పిలిచారు. ఈసారి కొత్త పిల్ల కూర్చుంది, తొందరలో నా వయసు 63 బదులు 36 కొట్టింది. నేను చూశాను గాని చెప్పలేదు. మోకాళ్లు, ఎముకలు, గుండె, అన్నీ పచ్చ రంగులో వచ్చాయి. 'మన కోర్సు మంచిగ పనిచేస్తుంది ఆంటీ' అని చప్పట్లు కొట్టింది. కడ్డీ చదివేది మన పిడికిలిని కాదు, వాళ్లు టైపు చేసిన వయసునీ బరువునీ. కీలు అరుగుదల తెలియాలంటే డాక్టరు చేత్తో వంచి చూడాలి, అవసరమైతే నిలబెట్టి ఎక్స్‌రే తీయాలి.

కొనేముందు మీరు చూసుకోవాల్సినవి చెప్తాను. ఆయుర్వేద మందు అమ్మాలంటే డబ్బా మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, అందులో ఏమేం ఉన్నాయో ఉండాలి. అవి లేని కవరు శొంఠి వాసన వచ్చినా మందు కాదు. కీళ్లవాతం, షుగర్, ఊబకాయం లాంటి 54 జబ్బులను నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది, కాబట్టి ఆ పాంప్లెట్ అచ్చు వేయడం దగ్గరే తప్పు మొదలైంది. ఇక బిల్లు. నాకిచ్చిన దాంట్లో మందు అన్న మాటే లేదు, 'వెల్‌నెస్ మెంబర్‌షిప్' అని ఉంది, వెనక చీమతలకాయంత అక్షరాల్లో 'నో రీఫండ్'. అది చూసి భయపడి ఊరుకోకండి. వస్తువులో లోపం ఉన్నా తిరిగి తీసుకోకపోవడం, పైసలు వెనక్కి ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతే. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు.

నేను 1915కు ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయాలి. పొడి మీద ఫిర్యాదుకు రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల టోల్‌ఫ్రీ 1800 599 6969. మిగిలిన రెండు కవర్లు వాళ్లకే ఇచ్చాను, ల్యాబ్ రిపోర్టు ఇంకా రాలేదు. కాబట్టి స్టెరాయిడ్ ఉందని నేను రాస్తున్నది నా రక్తపరీక్షలు, డాక్టరు మాట చూసి. ఫోన్‌లోనే ఇప్పించిన లోన్ అయితే ఇంకో సంగతి. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అలాంటి లోన్‌కు మొదట్లో కనీసం ఒక్క రోజైనా కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకునే గడువు, ఉండాలి. ఆ లోపు అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. నేను ఆ కాగితాలు చదివింది నాలుగో నెలలో.

నాకు ఆయుర్వేదం మీద కోపం లేదు. మన వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. మోకాలి చుట్టూ మినప్పిండి ముద్దతో గట్టు కట్టి అందులో గోరువెచ్చని తైలం పోసి ఉంచే జానువస్తి లాంటివి చేయాల్సింది చదువుకున్న వైద్యులు, ఫంక్షన్ హాల్లో సేల్స్ పిల్లలు కాదు.

ఇప్పుడు నేనేం చేస్తున్నానని చాలామంది అడుగుతున్నారు. ఫిజియోథెరపిస్టు నేర్పిన రెండు మూడు పనులే. కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, తొడ కండ బిగించి పది లెక్కపెట్టి దించడం, కాలికి పదిసార్లు, రెండు పూటలా. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. తొడ కండకు బలమొస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది. ఒంట్లో ఒక కిలో తగ్గితే నడిచేటప్పుడు అడుగు అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందట. ఇప్పటికి నాలుగు కిలోలు తగ్గాను. కత్తిపీట అటక ఎక్కింది, కూరగాయలు టేబుల్ మీదే. బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ వేయించాం, వెస్టర్న్ కమోడ్ పెట్టించాం. పరీక్షల్లో విటమిన్ డీ, బీ12 రెండూ తక్కువ ఉన్నాయి, వాటికి గోళీలు రాశారు. మా ఆయన భుజం సంగతి వేరే, షుగర్ ఉన్నవాళ్లకు భుజం అలా బిగుసుకుపోవడం ఎక్కువట. ఆయన గోడ మీద వేళ్లతో పాకిస్తూ చేయి పైకి తీసుకుపోతాడు, రోజూ పెన్సిల్‌తో గుర్తు పెడతాడు. గోడంతా గీతలు. నొప్పి పోయిందా అంటే పోలేదు. మూడు నెలలకు మేడ మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఎక్కగలుగుతున్నాను.

ఈఎంఐ ఇంకా మూడు నెలలు ఉంది. ఆఫీసుకు తాళం, ఫోన్ స్విచాఫ్. మీ దగ్గర ఇలాంటి కవర్లు, పాంప్లెట్, బిల్లు, ఫోన్‌లో కట్టిన స్క్రీన్‌షాట్ ఏది ఉన్నా పడేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం. మా మాగ్నెట్ పరుపు కూడా చుట్టచుట్టి సజ్జ మీద పెట్టాను. కమిషన్ వాళ్లు చూపించమంటే దాన్ని ఆటోలో ఎట్లా తీసుకుపోవాలా అని మా ఆయన ఇప్పటినుంచే టెన్షన్ పడుతున్నాడు.