గ్రనాడా చేరడానికి ఏది మేలు: మాడ్రిడ్ ట్రైనా, మలగా బస్సా?

స్పెయిన్ ట్రిప్ పెట్టుకున్న ప్రతి బ్యాచ్ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. హైదరాబాద్ నుంచి ఇద్దరు, లండన్ నుంచి ఒకరు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక జంట, అందరూ దక్షిణ స్పెయిన్‌లోని గ్రనాడాలో కలవాలి. ఈ ఏప్రిల్‌లో మేమూ ఇదే లెక్క వేసుకుని, అక్కడికి దగ్గర్లోని తీరప్రాంత నగరం మలగా దారి పట్టాం.

ముందు ట్రైన్ సంగతి. మాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి గ్రనాడాకి హైస్పీడ్ రైలు 2019 జూన్‌లో మొదలైంది. అంతకు ముందు, 2015లో పాత లైన్ మూసేశాక, ఏళ్ల తరబడి దారిలో అంతెకేరా అనే ఊళ్లో రైలు దిగి బస్సెక్కాల్సి వచ్చేది. ఇప్పుడు మూడున్నర గంటలు అటూ ఇటూగా హాయిగా కూర్చుని వెళ్లిపోవచ్చు. దిగే స్టేషన్ కూడా ఊరి నడిబొడ్డుకి దగ్గరే. సుఖం ఒక్కటే చూసుకుంటే ట్రైన్‌కి తిరుగులేదు.

కానీ మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకి ఉన్నట్టు గ్రనాడాకి గంటగంటకీ రైళ్లు ఉండవు. రోజు మొత్తం మీద కొన్నే. ఫ్లైట్ లేటైందనుకోండి. పాస్‌పోర్ట్ క్యూ దాటాలి, సూట్‌కేస్ కోసం ఆగాలి, బరాహాస్ ఎయిర్‌పోర్ట్ నుంచి అతోచా చేరాలి, అక్కడ మళ్లీ సామాను స్కానింగ్. రైలు కదలకముందే గేటు మూసేస్తారు. అది తప్పితే తర్వాతి రైలు సాయంత్రానికే ఉండొచ్చు, అందులో ఐదుగురికీ సీట్లు దొరుకుతాయన్న నమ్మకం లేదు.

నా దృష్టిలో అసలు తేల్చేది ఈ విషయమే. ఒంటరిగా వెళ్లేవాళ్లు వేగం చూసుకోవచ్చు. గుంపుగా వెళ్లేవాళ్లు మాత్రం ఒక బండి తప్పితే తర్వాతది ఎంతసేపట్లో ఉందో చూసుకోవాలి. ఎందుకంటే గ్రనాడాలో మన ప్లాన్ అంతా అల్హంబ్రా టికెట్ చుట్టూనే తిరుగుతుంది. కొండ మీద కోట, రాజభవనాలు, తోటలు అన్నీ కలిసిన చోటు అది. నస్రిద్ రాజభవనాల్లోకి వెళ్లే సమయం టికెట్ మీదే ఉంటుంది, టికెట్ మన పేరు మీద ఉంటుంది, లోపలికి వెళ్లేటప్పుడు పాస్‌పోర్ట్‌తో సరిచూస్తారు. ఆ టైమ్ దాటితే తోటలూ కోటా తిరగొచ్చు గానీ, సింహాల ప్రాంగణం ఉన్న ఆ భవనాల్లోకి పంపరు. సీజన్‌లో అప్పటికప్పుడు వేరే టికెట్ దొరకడం గగనమే.

మలగా దారిలో ఈ టెన్షన్ బాగా తగ్గుతుంది. యూరప్‌లోని చాలా ఊళ్ల నుంచి మలగాకి చవక ఫ్లైట్లు ఉన్నాయి. ఎయిర్‌పోర్ట్ నుంచే గ్రనాడాకి నేరుగా బస్సులున్నాయి, దాదాపు రెండు గంటల ప్రయాణం. అది తప్పితే లోకల్ ట్రైన్‌లో పది పన్నెండు నిమిషాల్లో మలగా ఊళ్లోని మరియా సంబ్రానో స్టేషన్‌కి వెళ్లండి. పక్కనే బస్టాండ్. అక్కడి నుంచి పొద్దున్నుంచి రాత్రి దాకా గ్రనాడా బస్సులు వరసగా ఉంటాయి. ఒకరు వెనకబడినా మిగతావాళ్లు ఆగక్కర్లేదు, ఆ ఒక్కరు తర్వాతి బస్సులో వచ్చేస్తారు. మా లండన్ ఫ్రెండ్ అలాగే వచ్చి కలిసింది. దారంతా ఆలివ్ తోటలు, ఊరు దగ్గరపడే కొద్దీ ఎదురుగా సియెర్రా నెవాడా కొండలు. ఏప్రిల్‌లో కూడా వాటి మీద మంచు తెల్లగా మెరుస్తోంది.

గ్రనాడా బస్టాండ్ ఊరికి కాస్త దూరం, అదొక్కటే లోటు. సిటీ బస్సో టాక్సీయో ఎక్కితే సరిపోతుంది. మెట్రో ఉంది గానీ పాత ఊళ్లోకి వెళ్లదు. బస అల్బైసిన్ అనే పాత పేటలో తీసుకుంటే మాత్రం సామాను గురించి ఆలోచించండి. అక్కడి వీధులన్నీ గులకరాళ్లు పరిచినవి, ఎత్తుపల్లాలు, మధ్యమధ్యలో మెట్లు. పెద్ద సూట్‌కేస్ చక్రాలు రాళ్ల సందుల్లో ఇరుక్కుని అడుగు కదలవు. చిన్న బ్యాగైతే ప్లాసా నుఏవా కూడలి నుంచి సీ31 నంబరు మినీబస్సు ఎక్కించుకుని పైదాకా తీసుకెళ్తుంది.

చేరే వేళ కూడా ముఖ్యమే. మధ్యాహ్నం నాలుగు నుంచి రాత్రి ఎనిమిది దాకా చాలా రెస్టారెంట్లలో వంటగది మూసేస్తారు. ఆకలితో ఐదింటికి దిగితే శాండ్‌విచ్‌తో సరిపెట్టుకోవాలి. రెండింటికల్లా చేరితే వేడివేడి భోజనం దొరుకుతుంది. శాకాహారులు బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ అడగండి. పల్చగా కోసి కరకరలాడేలా వేయించిన వంకాయ ముక్కల మీద చెరకు పాకం పోసి ఇస్తారు. డ్రింక్‌తో ఉచితంగా వచ్చే తాపాలో, అంటే చిరుతిండిలో, మాంసం ఉండొచ్చు, ముందే చెప్పాలి.

ఇక మిగతావి. గ్రనాడాకి సొంత ఎయిర్‌పోర్ట్ ఉంది, మీ ఊరి నుంచి నేరుగా ఫ్లైట్ దొరికితే ఆలోచించకుండా తీసుకోండి. మాడ్రిడ్ నుంచి బస్సు ఐదు గంటలు, ట్రైన్ సీట్లు అయిపోతే పనికొస్తుంది. అద్దె కారు ఈ ఊరికి వద్దు. పాత ఊళ్లో చాలా వీధుల్లోకి బయటి కార్లను రానివ్వరు, కెమెరాలు పట్టేస్తాయి, ఫైన్ పడుతుంది.

బ్యాచ్ మొత్తం ముందు మాడ్రిడ్‌లో కలిసి, రెండు రాత్రులు అక్కడ ఉండి బయలుదేరేటట్టయితే ట్రైనే ఎక్కండి. అప్పుడు ఫ్లైట్ లేటవుతుందన్న భయం ఉండదు. నేరుగా దిగి కలిసేవాళ్లయితే, హైదరాబాద్ వాళ్లని ఒక రోజు ముందు మాడ్రిడ్‌లో దిగమనండి, యూరప్‌లో ఉన్నవాళ్లు మలగాలో దిగాలి. ఏ దారిన వచ్చినా సరే, అల్హంబ్రా టికెట్ మాత్రం చేరిన రోజుకి తీసుకోకండి. మర్నాడు పదకొండు గంటలకి తీసుకుంటే ఆఖరున వచ్చినవాళ్లు కూడా నిద్రపోయి లేచి రావచ్చు.