పారిస్‌లో బోర్డు పూచీ బ్రెడ్‌కే, క్రొసాంట్‌కి కాదు

పారిస్‌లో కొట్టు మీద 'బులాంజెరీ' (బ్రెడ్ కొట్టు) అని ఉంటే పిండి కలపడం, పులియబెట్టడం, చుట్టడం, కాల్చడం అన్నీ ఆ చోటే జరిగినట్టు లెక్క. 1998లో దీనికి చట్టమే చేశారు. అందులో ఒక మెలిక ఉంది: ఆ చట్టం బ్రెడ్‌కే. పక్కన అద్దాల వెనక పెట్టిన క్రొసాంట్, అంటే వెన్న పొరల నెలవంక రొట్టె, ఫ్యాక్టరీలో తయారై, గడ్డకట్టి వచ్చి, ఇక్కడ ఓవెన్‌లో పొంగిందైనా బోర్డు తీసెయ్యక్కర్లేదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. చిన్న కొట్లో ఇరవై రకాలుండి, క్రొసాంట్లన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అనుమానించండి. ఒకటి కాస్త వంకరగా, ఒకటి కాస్త మాడుగా, అంచులు ముదురు గోధుమ రంగులో ఉంటే నమ్మొచ్చు. 'మేజోఁ' అని రాసి ఉందేమో చూడండి, అక్కడే చేశామని చెప్పుకోవడం అది.

ఈ పరీక్షలేవీ అక్కర్లేని కొట్టు పదో వార్డులో, సాఁ మార్తాఁ కాలువ దగ్గర, 34 రూ ఈవ్ తుదిక్‌లో ఉంది ('రూ' అంటే వీధి). పేరు 'డ్యూ పాఁ ఎ దేజీదే', అంటే బ్రెడ్డూ ఆలోచనలూ. ఫ్యాషన్ వ్యాపారం వదిలేసిన క్రిస్తోఫ్ వాస్యూర్ 2002లో తెరిచారు. భవనం పాతది, లోపల రంగుల పైకప్పు. మెట్రో ఐదో లైన్లో జాక్ బోఁసెర్జాఁ దగ్గర దిగితే నాలుగడుగులు. శని, ఆదివారాలు మూసేస్తారు. వారాంతానికి పారిస్ వచ్చేవాళ్ళకి ఇది పెద్ద దెబ్బే, ప్లాను శుక్రవారం లోపే వేసుకోవాలి.

ఇక్కడ ముందు అడగాల్సింది ఎస్కార్గో. ఆ మాటకి నత్త అని అర్థం. కంగారు పడకండి, చుట్ట ఆకారాన్ని బట్టి వచ్చిన పేరే. చాక్లెట్-పిస్తా రకం తీసుకోండి. బయటి పొర పటపటలాడుతుంది, లోపలికి పోయేకొద్దీ మెత్తబడుతుంది, నడిమి బొడ్డు దాదాపు పుడ్డింగే. ఆ పచ్చటి పిస్తా ముద్ద వేళ్ళకంటుతుంది, టిష్యూ రెండు ఎక్కువే అడగండి. కొరక్కుండా చుట్ట విప్పుకుంటూ తింటే ఈ తేడాలన్నీ వరసగా తెలుస్తాయి.

తాపేశ్వరం మడత కాజా ఎరిగినవాళ్ళకి మడతల సంగతి కొత్త కాదు. క్రొసాంట్‌లో పిండి మధ్య వెన్న పలక పెట్టి మూడేసి మడతల చొప్పున మూడుసార్లు మడిస్తారు, వెన్న పొరలు 27 అవుతాయి. ఓవెన్ వేడికి లోపలి తేమ ఆవిరై పొరల్ని లేపుతుంది. మన బేకరీ పఫ్‌కీ దీనికీ తేడా ఈస్ట్: క్రొసాంట్ పిండి పులుస్తుంది, పఫ్ పిండి పులవదు. పులిసే గది 27 డిగ్రీలు దాటిందా, వెన్న కరిగి పిండిలో కలిసిపోతుంది. అలాంటి క్రొసాంట్ కోసి చూస్తే తేనెపట్టు గదుల్లా కాక బన్నులా ముద్దగా ఉంటుంది, కింది కాగితం నూనెతో తడుస్తుంది. 'ఓ బ్యూర్' అని ఉంటే వెన్నతో చేసినది, 'ఒర్దినేర్' అంటే మార్గరీన్. రెండోది యూరో పైసల తేడాకి కొనకండి.

అదే కొట్లో 'పాఁ దెజామీ' అనే పెద్ద బ్రెడ్ ఉంది. తూకానికి కోసి ఇస్తారు, కాబట్టి చిన్న ముక్క అడిగినా ఇబ్బంది లేదు. పైపెచ్చు మందం, కాస్త పొగ వాసన. నా లెక్కలో ఎస్కార్గో కన్నా ఇదే గొప్పది, కానీ ఫొటోల్లో బాగా పడదు పాపం. ఆపిల్ షోసోఁలో, అంటే ఆపిల్ పెట్టి మడిచిన పఫ్‌లో, గుజ్జు బదులు ఆపిల్ ముక్కే పెడతారు, పులుపు నిలుస్తుంది.

బగెట్, అంటే కర్రలా పొడుగ్గా ఉండే బ్రెడ్, ఏ వీధిలో కొన్నా 'త్రదిసియోఁ' అని అడగాలి. 1993 నాటి ఆదేశం ప్రకారం ఆ పేరుతో అమ్మేదాన్ని ఏ దశలోనూ గడ్డకట్టించకూడదు, రసాయనాలు కలపకూడదు. మామూలు బగెట్ కన్నా కొద్ది సెంట్లు ఎక్కువ, అంతే. బాగా కాలింది కావాలంటే 'బియాఁ క్విత్' అనండి, సగం కావాలంటే 'దెమీ'. లోపలికి అడుగు పెట్టగానే 'బోఁజూర్' అనడం మర్చిపోవద్దు. అది అనకుండా వేలు చూపిస్తే అమ్మే ఆవిడ మొహం మాడుతుంది, తప్పు మనదే.

మిగతా కొట్లు క్లుప్తంగా: 51 రూ మోఁతొర్గేయ్‌లోని స్తోరేర్ 1730 నాటిది, రమ్ములో నానిన 'బాబా' అనే కేకుకి వెళ్ళాలి, పిల్లలకి వద్దు. షెర్ష్-మిదీ వీధిలోని ప్వాలాన్‌లో దాదాపు రెండు కిలోల గుండ్రటి పులుపు బ్రెడ్ పావు వంతు కూడా ఇస్తారు. ఇంటికి తీసుకెళ్ళడానికి అదే మేలు, రోజుల తరబడి నిలుస్తుంది.

గుడ్డు తిననివాళ్ళకి చిక్కు ఉంది. క్రొసాంట్ మెరుపు సాధారణంగా పైన పూసిన గుడ్డుదే, ఎస్కార్గోలో క్రీమూ గుడ్డుదే, మూస్ కేకుల్లో జెలటిన్ ఉంటుంది, అది పందిదీ కావచ్చు. త్రదిసియోఁ బగెట్, పులుపు బ్రెడ్ అయితే పిండి, నీళ్ళు, ఉప్పు, పులియబెట్టే ఈస్టో పులిసిన పిండో. 'సాఁ జఫ్?' అంటే గుడ్డు లేకుండానా అని అడిగినట్టు. 'లార్దోఁ' అని కనిపిస్తే పంది మాంసం ముక్కలు.

బగెట్ ప్లాస్టిక్ సంచిలో పెడితే గంటలో పెచ్చు తోలులా సాగుతుంది, కాగితంలోనే ఉంచండి. మర్నాటికి గట్టిపడితే తడి చేత్తో పైన తుడిచి, 200 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెట్టి వెంటనే తినేయండి. క్రొసాంట్‌కి 150 చాలు. మైక్రోవేవ్ జోలికి మాత్రం పోవద్దు.