డిజైనింగ్ కోర్సు, ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ కలిపి ఈఎంఐలో ఇస్తామంటే సంతకం పెట్టకండి

సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతోందని అమీర్‌పేటలో మళ్లీ పాంప్లెట్లు పంచుతున్నారు. పోయినేడాది నేను చేరింది అదే పాంప్లెట్ చూసి. అందుకే ఆలస్యం చేయకుండా ఈరోజే రాస్తున్నాను. గ్రాఫిక్ డిజైన్ నేర్చుకుందామని ఊళ్ల నుంచి వస్తున్న వాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు దయచేసి పూర్తిగా చదవండి.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. చిన్నప్పటి నుంచి ఇంటికొచ్చిన శుభలేఖల మీది అక్షరాలు చూసి అచ్చం అలాగే గీసేదాన్ని. బీకాం అయ్యాక దీన్నే పనిగా చేసుకుంటానంటే నాన్న ఒప్పుకున్నారు. ఇద్దరం కలిసే ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాం. ఆరు నెలల కోర్సు, 'డిజైనింగ్ ల్యాప్‌టాప్', 'లైఫ్‌టైమ్ లైసెన్స్' సాఫ్ట్‌వేర్, 100 శాతం జాబ్ గ్యారంటీ, అన్నీ కలిపి 96,000 అన్నారు. అంత ఒక్కసారి కట్టలేమని నాన్న అంటే, "నెలకు 8,000 చొప్పున 12 నెలలు కట్టుకోండి అంకుల్, వడ్డీ లేదు" అంది కౌన్సెలర్. నాన్న ఆధార్, పాన్ తీసుకుంది. ఒక సెల్ఫీ దిగమంది, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగింది. ప్రాసెసింగ్ ఫీజని 2,900 అప్పుడే కట్టించుకుంది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది.

అది ఫీజు వాయిదా కాదు. మా నాన్న పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అప్పు. డబ్బు నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది, మేం బాకీ పడింది ఫైనాన్స్ కంపెనీకి. ఈ తేడా మాకు మూడో నెలలో కానీ తెలియలేదు. క్లాసులు సరిగ్గా జరగడం లేదు, మానేస్తానంటే "మీ ఇష్టం, కానీ ఈఎంఐ ఆగదు" అన్నారు. కోపంతో ఒక నెల కట్టలేదు. బౌన్స్ చార్జీ 590 పడింది, నాన్నకు రోజూ ఫోన్లు. తర్వాత పంట లోన్ రెన్యూవల్‌కి బ్యాంకుకు వెళ్తే అప్పులు సరిగ్గా కడుతున్నామో చూపే సిబిల్ స్కోర్ పడిపోయిందన్నారు. ఆ రోజు ఫోన్‌లో నాన్న గొంతు విని నాకు అన్నం సహించలేదు.

వడ్డీ లేదన్న మాటా నిజం కాదు. నా బ్యాచ్‌లోనే ఒకబ్బాయి ఇదే ప్యాకేజీకి నగదు కట్టి 82,000కే చేరాడు. 14,000 తేడా, పైన ప్రాసెసింగ్ ఫీజు. అదే వడ్డీ, పేరు మార్చారంతే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చేవాళ్లు ముందే 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. ఇలా ఫోన్‌లో ఇచ్చే అప్పులకు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేసే గడువు కూడా ఉంటుంది. మాకు ఆ కాగితం పీడీఎఫ్‌గా మెయిల్‌కి వచ్చింది, ఇంగ్లీషులో. నాన్న మెయిల్ చూసేదెవరు? ఓటీపీ చెప్పే ముందే ఆ కాగితం చేతికి అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

ఇక సాఫ్ట్‌వేర్. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. డిజైనర్లు వాడే ఫోటోషాప్, ఇలస్ట్రేటర్ కొత్త వెర్షన్లను వాటి కంపెనీ అడోబీ 2013 నుంచి చందా పద్ధతిలోనే ఇస్తోంది. నెలకో ఏడాదికో డబ్బు కట్టి వాడుకోవాలి. వాటికి 'లైఫ్‌టైమ్ లైసెన్స్' అని ఎవరైనా అమ్మితే అది అసలుది కాదు, చాలాసార్లు క్రాక్, అంటే దొంగ కాపీ. మా ప్యాకేజీలో దానికి 6,000 వేశారు. ల్యాబ్ అసిస్టెంట్ ముందు యాంటీవైరస్ ఆపేసి తర్వాత ఇన్‌స్టాల్ చేశాడు. ఎందుకని అడిగితే "స్లో అవుతుంది" అన్నాడు. నమ్మాను. దసరాకు మా ఊరి బట్టల షాపు వాళ్లు ఫ్లెక్సీ డిజైన్ ఇచ్చారు, డబ్బొచ్చే నా మొదటి పని అది. రేపు ఇవ్వాలనగా రాత్రి ఈ యాప్‌కు లైసెన్స్ లేదని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చి ఫోటోషాప్ ఆగిపోయింది. అదే వారం నా జీమెయిల్‌లో ఎవరో లాగిన్ అయినట్టు అలర్ట్ వచ్చింది. పాస్‌వర్డులన్నీ మార్చుకుని, విండోస్ మళ్లీ వేయించుకునే దాకా ఎంత టెన్షన్ పడ్డానో.

ల్యాప్‌టాప్‌కు 42,000 వేశారు. ర్యామ్ 8 జీబీ, అదీ బోర్డుకు అతికించేసి ఉంది, పెంచుకునే దారి లేదు. అంతకంటే పెద్ద లోపం స్క్రీన్. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు స్పెసిఫికేషన్‌లో ఉంటాయి. అక్కడ '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే ఆ తెర చాలా రంగులను వెలిసిపోయినట్టు చూపిస్తుంది. డిజైన్‌కు కొనేటప్పుడు 'ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం' అని రాసి ఉందో లేదో చూడండి. నాకు ఇది హైదరాబాద్‌లో శుభలేఖలు అచ్చు వేసే ఛత్తా బజార్‌లో తెలిసింది. ఒక శుభలేఖ ఫైలు తీసుకుని ప్రెస్‌కు వెళ్తే, నా తెర మీద ముదురు కుంకుమ రంగులో ఉన్నది ప్రూఫ్‌లో, అంటే నమూనా ప్రింటులో, ఇటుక రంగులో వచ్చింది. ప్రెస్ పెద్దాయన ఫైలు తెరిచి చూసి, "ఏందమ్మా, ఆర్‌జీబీలో చేసినవ్, కట్టింగ్‌కు జాగా ఏది? ఎవరు నేర్పిన్రు నీకు?" అన్నారు. ఆర్‌జీబీ తెర రంగుల పద్ధతి, అచ్చు సిరాలకు కావాల్సింది సీఎంవైకే. బొమ్మ స్పష్టంగా రావాలంటే అంగుళానికి 300 చుక్కలు, అంటే 300 డీపీఐ. కత్తిరింపు కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదిలే బ్లీడ్. ఈ మూడూ ఆయనే కూర్చోబెట్టి చెప్పారు. అరగంట పట్టింది. నేను వెళ్లిన నాలుగు నెలల క్లాసుల్లో అచ్చు గురించి ఒక్క మాట రాలేదు.

తెలుగు సంగతీ అంతే. క్లాసులో అన్నీ ఇంగ్లీషు పోస్టర్లే. ఫోటోషాప్‌లో తెలుగు కొడితే ఒత్తులు విడిపోయి 'అమ్మ' కూడా సరిగ్గా రాలేదు. సార్‌ని అడిగితే "అను ఫాంట్లు వేసుకో, అది సెపరేట్ ప్యాకేజ్" అన్నాడు. అను అంటే డీటీపీ సెంటర్లలో, అంటే కంప్యూటర్‌లో టైపింగ్, పేజీ డిజైన్ చేసే షాపుల్లో వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు. నిజానికి కొన్నేళ్ల కిందటి వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే, మనం ఫోన్లలో కొట్టే మామూలు యూనికోడ్ తెలుగు చక్కగా వస్తుంది. ఇంకా పాత వెర్షన్లలో దాన్ని మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అంటారు. పాత డీటీపీ సెంటర్లలో పనికి చేరేవాళ్లకు అను అవసరమే, కాదనను. కానీ రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న, ధూర్జటి లాంటి మంచి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. డబ్బులకు చేసే పనుల్లోనూ వాడుకోవచ్చు.

జాబ్ గ్యారంటీ అన్నారు కదా, సంతకం పెట్టిన కాగితంలో ఉన్న మాట 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్', అంటే ఉద్యోగం వెతకడంలో సాయం మాత్రమే. నాకు పంపిన ఒకే ఒక్క ఇంటర్వ్యూ టెలీకాలింగ్ ఉద్యోగానికి.

1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ కింద తీసుకున్న 6,000 వెనక్కి ఇచ్చారు. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయబోతున్నాం. కొన్నదాని విలువ 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు లేదు. రసీదులు, పాంప్లెట్, కౌన్సెలర్ వాట్సాప్ మెసేజ్‌లు దాచిపెట్టడం వల్లే ఇంతవరకైనా రాగలిగాం. ఫైనాన్స్ కంపెనీ మీద ఫిర్యాదుకు రిజర్వు బ్యాంకు నంబరు 14448.

ఇప్పుడు మధ్యాహ్నాలు ఆ ప్రెస్‌లోనే పని చేస్తున్నాను. అదే ల్యాప్‌టాప్ మీద ఇంక్‌స్కేప్‌లో డిజైన్ వేసి, అక్షరాలను పాత్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా మార్చి, స్క్రైబస్‌లో సీఎంవైకే పీడీఎఫ్ తీస్తాను. ఫోటోలకు గింప్. మూడూ ఉచితమే. రంగులు ప్రెస్ ప్రూఫ్ మీదే సరిచూసుకుంటున్నాను. పెద్ద ఏజెన్సీలు ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, వెబ్‌సైట్లు, యాప్‌ల డిజైన్‌కు వాడే ఫిగ్మా అడుగుతాయి. ఫిగ్మాను ఉచితంగానే మొదలుపెట్టొచ్చు. అడోబీకి ఆ పని దొరికిన నెల నుంచి చందా కట్టుకోవచ్చు, ముందే లక్ష అప్పు అక్కర్లేదు. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌తో రెండు నెలలు ఇవి నేర్చుకుని, ఒక ప్రెస్‌లో పది రోజులు కూర్చుని చూడండి. ఈ పని మీకు నచ్చుతుందో లేదో అప్పటికి తెలిసిపోతుంది.

మాకింకా ఐదు ఈఎంఐలు ఉన్నాయి. ఈ బ్యాచ్‌కి ఎవరైనా వెళ్తుంటే, ఓటీపీ చెప్పకముందే వాళ్లిచ్చిన కాగితాలు నాకు చూపించండి. ఏ పేజీలో ఏ లైను చూడాలో చెప్తాను. ఆదివారం రాత్రి ఎంత ఆలస్యమైనా సరే, మెలకువగానే ఉంటాను.