క్యూఆర్ స్కానా, *99# డయలా?

కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్‌కి తిరుగులేదు. స్కాన్ చేసి, మొత్తం కొట్టి, పిన్ ఇస్తే అయిపోతుంది. కాకపోతే స్మార్ట్‌ఫోన్, నెట్ రెండూ ఉండాలి. షాపు స్టిక్కర్ మీద మోసగాళ్లు తమది అంటించిన సందర్భాలూ ఉన్నాయి. తెరమీద పేరు చదవకుండా పిన్ కొట్టొద్దు.

నెట్ లేకుండా సిగ్నల్ మాత్రమే ఉంటే, ఫోన్‌లో డయల్ చేసి డబ్బు పంపే యూపీఐ సేవ *99# ఆదుకుంటుంది. బటన్ ఫోన్ చాలు, కానీ బ్యాంకులో ఇచ్చిన నంబర్ నుంచే డయల్ చేయాలి. మెనూలో 1 నొక్కి, అవతలివాళ్ల మొబైల్ నంబరో యూపీఐ ఐడీయో టైప్ చేయాలి. ఒకసారికి 5,000 రూపాయలే పరిమితి. తాపీగా నొక్కితే సెషన్ తెగిపోయి మళ్లీ మొదటికొస్తుంది, అదో చిరాకు!

నా ఓటు క్యూఆర్‌కే. ఊళ్లో నాన్నగారికి మాత్రం *99# నేర్పండి. అందులో కొత్తగా పిన్ పెట్టుకోవాలంటే డెబిట్ కార్డు దగ్గరుంచుకోవాలి.