వ్యాయామం లేకుండా తిండి మార్చి బరువు తగ్గడం: ఏడాదిన్నర తర్వాత నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, తిండి ఒక్కటి మార్చుకున్నా బరువు తగ్గుతుంది. 94 కిలోల నుంచి 79కి వచ్చాను, ఏడాదిన్నర దాటింది, మళ్ళీ పైకి పోలేదు. వాకింగూ లేదు, జిమ్మూ లేదు. విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో మాకు బట్టల హోల్‌సేల్ కొట్టుంది, పొద్దున వచ్చి పరుపు మీద కూర్చుంటే రాత్రి షట్టర్ దించేదాకా లేచేదే తక్కువ, దానికి తోడు మోకాలి నొప్పి. ఇక రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి వాకింగ్ అంటే ఆ మాట అన్నవాణ్ణే ముందు నడవమనాలి. అందుకే కంచం మీద పడ్డాను.

వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఊపందుకున్న రోజుల్లో మా కొట్ల వరసలో చాలామంది అది పట్టారు. కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ బిళ్ళ. తగ్గినవాళ్ళూ ఉన్నారు. కానీ అన్నం మొత్తం మానేసి బతకడం నా వల్ల కాదు, ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి దాని జోలికి పోలేదు. నేను చేసింది తగ్గించడమే, మానేయడం కాదు.

వంటింటి కాటా ఒకటి కొన్నాం. మామూలుగా మధ్యాహ్నం పెట్టుకునే అన్నం తూచి చూస్తే 450 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకి ఇంచుమించు 130 కేలరీలు, అంటే ఒక్క అన్నమే ఆరువందలకి దగ్గర. దాని మీద ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, చివర్లో పెరుగులోకి ఇంకో హస్తం అన్నం. ఇప్పుడు మధ్యాహ్నం 150 గ్రాములు, కూర మాత్రం రెండింతలు. రాత్రికి అన్నం లేదు, ఉప్మా పెట్టని పెసరట్లు రెండు, లేదా గుడ్లు, ఆదివారం శీలావతి చేప పులుసు. పెసలు మనకి చులకన గానీ 100 గ్రాముల గింజల్లో 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, ఆకలి ఆపేది అదే. అన్నం తగ్గించి ఆ ఖాళీని దేంతోనూ నింపకపోతే రాత్రి పదింటికి చెయ్యి జంతికల డబ్బాలోకి పోతుంది, ఎంత పట్టుదల ఉన్నా సరే.

అసలు మార్పు నూనె దగ్గర వచ్చింది. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు, దాదాపు 100 గ్రాముల అన్నంతో సమానం, పైగా కడుపు నిండినట్టే ఉండదు. మా ఆవిడ పొద్దున్నే ఇంటిల్లిపాదికీ ఆ రోజుకి సరిపడా నూనె చిన్న స్టీలు గిన్నెలో పోసి పొయ్యి పక్కన పెడుతుంది. పోపుకైనా, కూరకైనా, అట్టుకైనా అందులోంచే, అయిపోతే అయిపోయినట్టే. గుత్తివంకాయలో నూనె పైకి తేలాలనేది మా ఇంట్లో తరాల నాటి రూలు, ఇప్పుడు మూత పెట్టి నీళ్ళు చిలకరించి మగ్గిస్తోంది. రుచి తగ్గిందా అంటే తగ్గింది, అబద్ధం ఎందుకు. సాయంత్రం పునుగులు వారానికోసారికి వచ్చాయి. టీలు తగ్గించడమే కష్టమైంది, ఊళ్ళ నుంచి వచ్చిన పార్టీకి టీ చెప్పి మనం తాగకపోతే బాగుండదు కదా, అందుకని చక్కెర లేకుండా సగం గ్లాసు.

లెక్క ఏమిటంటే ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తగ్గాలి, రోజుకి 500 తగ్గిస్తే వారానికి అరకిలో. మొదటి వారాల్లో ఇంకా ఎక్కువే దిగుతుంది, దానికి సంబరపడకండి, అది చాలావరకు నీరు. పిండిపదార్థం తగ్గించినప్పుడు ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్, అంటే ఒళ్ళు దాచుకున్న పిండిపదార్థం, ఖర్చవుతుంది, అది పట్టుకుని ఉన్న నీళ్ళు కూడా దాంతోపాటే పోతాయి. పెళ్ళి భోజనంలో గోంగూర పచ్చడి, ఆవకాయ దట్టించి వస్తే మర్నాడు కాటా కిలో పైకి చూపిస్తుంది, అదీ ఉప్పు పట్టిన నీరే. అందుకే వారానికి ఒకసారే, పొద్దున్నే, ఖాళీ కడుపుతో చూసుకోవాలి. 84 కిందికి దిగాక బాగా నెమ్మదించింది, ఒళ్ళు తేలికయ్యేకొద్దీ ఖర్చయ్యే కేలరీలు కూడా తగ్గుతాయి మరి.

ఇక బాగోలేనివి. మొదట్లో మలబద్ధకం, కూరలు, నీళ్ళు పెంచితే సర్దుకుంది. మూడో నెలలో దువ్వెనకి జుట్టు బాగా వచ్చింది, బరువు త్వరగా తగ్గితే రెండు మూడు నెలలకి ఇలా అవడం మామూలేనని డాక్టర్ చెప్పారు, తర్వాత ఆగింది. పొట్ట తగ్గింది గానీ చర్మం వేలాడుతోంది. అన్నిటికంటే పెద్దది, బలం రాలేదు. చీరల మూట పట్టుకుని మెట్లెక్కితే ఇదివరకటిలాగే ఆయాసం. వ్యాయామం లేకుండా తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది, ప్రోటీన్ తింటే ఆ నష్టం తగ్గుతుందంతే, పూర్తిగా ఆగదు. బరువు తగ్గడానికి తిండి చాలు, గట్టిపడటానికి చాలదు, ఈ రెండూ ఒకటే అనుకుని మొదలెడితే నిరాశ పడతారు. ఇంకోటి, ఎత్తుకి బరువు ఎంత ఉందో చూసే లెక్క బీఎంఐ నాకు ఇప్పటికీ 27 పైనే, మన దేశం లెక్కలో 25 దాటితే స్థూలకాయమే. ఇక్కడి నుంచి కిందికి ఒట్టి తిండితో దిగడం నాకు కష్టంగానే ఉంది.

ఊళ్ళో వాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. కనిపించిన ప్రతివాళ్ళూ "ఏంటండీ, షుగర్ గానీ వచ్చిందా?" అనే. మా అత్తగారైతే అల్లుడు గారికి ఇంట్లో తిండి పెడుతున్నావా లేదా అని కూతుర్నే నిలదీశారు.

షుగర్ అంటే గుర్తొచ్చింది, నిజంగా షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి బిళ్ళలు గానీ వాడేవాళ్ళు డాక్టర్‌కి చెప్పకుండా అన్నం తగ్గించొద్దు. మందు డోసు అంతే ఉండి తిండి తగ్గితే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, బండి మీద ఉన్నప్పుడు ఆ పరిస్థితి వస్తే ప్రమాదం.

ఖర్చు సంగతి కూడా చెబుతున్నా. నూనె, చక్కెర మీద మిగిలింది గుడ్లకీ చేపకీ పోతోంది, నెల బడ్జెట్‌లో పెద్ద తేడా లేదు. ప్యాంట్లన్నీ టైలర్‌కిచ్చి నడుం తగ్గించుకున్నాను, బట్టల కొట్టు పెట్టుకుని కూడా కొత్తవి తీయవేంటని మా తమ్ముడు ఇప్పటికీ నవ్వుతాడు.