హస్కీ పిల్లని కొనబోతున్నారా? అడ్వాన్స్ కట్టేముందు ఇది చదవండి

విజయవాడలో ఇన్‌స్టాలో కుక్కపిల్లలు అమ్మే ఆ పేజీ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వారం కిందట అక్కడే 28 వేలు పోసి హస్కీ పిల్లని తెచ్చుకున్నాం. మొన్న రాత్రి చనిపోయింది. పార్వో, కుక్కపిల్లలకి సోకే ప్రాణాంతకమైన వైరస్ జబ్బు.

మా ఇంట్లో ఇంతకుముందు ఎప్పుడూ కుక్క లేదు. ఆ మాట పేజీ నడిపే అతనికి నేనే చెప్పాను. "పాప అడుగుతోంది, మాకేమో ఏమీ తెలీదు. అపార్ట్‌మెంట్‌కి ఏ జాతి సరిపోతుందో మీరే చెప్పండి బ్రదర్" అన్నాను. హస్కీయే తీసుకోమన్నాడు. ఎండలకి తట్టుకుంటుందా అంటే "ఇక్కడే పుట్టింది మేడమ్, ఫ్యాన్ చాలు" అన్నాడు. సైబీరియా మంచులో బళ్లు లాగే జాతి, ఒంటినిండా రెండు పొరల బొచ్చు. రోహిణి కార్తెలో మన బెజవాడ ఎలా ఉంటుందో నాకు తెలీదా? ఆ నీలికళ్లు చూసి ఆలోచించడం మానేశాను. ఆ తప్పు నాదే.

నాలుగో రోజు తిండి మానేసింది. వాంతులు, తర్వాత రక్త విరేచనాలు. డాక్టర్ గారు నోరు తెరిచి చూసి, "వెనక పళ్లు ఇంకా పూర్తిగా రాలేదమ్మా. రెండు నెలలని ఎవరు చెప్పారు? ఐదారు వారాలు ఉంటుందంతే" అన్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల్లోనే ఉందట. టీకా పుస్తకం తిరగేస్తే ఒట్టి ముద్ర. మందు సీసా మీది స్టిక్కర్ లేదు, డాక్టర్ పేరు లేదు. టీకా వేశామని రాసిన తేదీకి అది అప్పుడప్పుడే కళ్లు తెరిచిన పసిగుడ్డు!

క్లినిక్ నుంచే అతనికి ఫోన్ చేశాను. బల్ల మీద పిల్ల, వేలంత కాలికి ప్లాస్టర్ వేసి సెలైన్ ఎక్కిస్తున్నారు. పక్కనే మా పాప. స్పీకర్‌లో అతనన్న మాట: "పోతే పోనీండి మేడమ్, అదే ఈతలో ఇంకో మూడున్నాయి. ఐదు వేలు తగ్గించి ఇస్తా." పాప నా చెయ్యి వదిలేసి ఆ పిల్ల చెవి పట్టుకుని నిలబడింది. నేను గట్టిగా మాట్లాడేసరికి ఫోన్ పెట్టేసి బ్లాక్ చేశాడు.

పార్వో క్రిములు ఇంట్లో నెలల తరబడి బతుకుతాయట. టీకాలు పూర్తికాని పిల్లని ఇప్పట్లో ఇంటికి తేవద్దన్నారు డాక్టర్ గారు. కుక్కలమ్మే మనిషికి ఈ సంగతి తెలీకుండా ఉంటుందా? తెలిసే ఇంకోటి అంటగట్టబోయాడు.

మొదటిసారి పెంచేవాళ్లు ఏ జాతి మంచిదని అమ్మేవాణ్ణి అడక్కండి, పశువుల డాక్టర్‌ని అడగండి. తల్లికుక్కని చూపించనంటే వచ్చేయండి. మన ఎండలకి మన నాటుకుక్క చాలు.

ఆ మిగిలిన మూడు పిల్లల ఫోటో నిన్న రాత్రి కూడా పెట్టాడు. వాటిలో దేనికైనా మీరు అడ్వాన్స్ కట్టి ఉంటే, ఇంటికి తీసుకెళ్లకముందే డాక్టర్‌కి చూపించి పార్వో టెస్ట్ చేయించండి.